డెల్ఫీన్ బండి గేరు

నేను చెప్పే కథల్లో సగానికి సగం నీళ్ళు కలుపుతానని మా క్రోఫుట్ లోయలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. మంచుతుఫానులో చిక్కుకుని మూడు రాత్రులు చచ్చిన ఎద్దు పొట్టలో దాక్కున్నానని చెప్పాను. నిజానికి అది గడ్డివామి, దాక్కున్నది రెండు గంటలు. ఎలుగుబంటిని చెంపదెబ్బ కొట్టానని చెప్పాను. అది ఓకర్‌మన్ వాళ్ళ నల్లకుక్క, అదీ నిద్రపోతోంది. ఈ ఒక్కదాంట్లో మాత్రం చుక్క నీరు కలపను. కలపడానికి చోటు లేదు. అంచుదాకా భయమే ఉంది.

ఓకర్‌మన్ ఆర్లో పోయి అప్పటికి మూడేళ్ళు. ఆయన భార్య డెల్ఫీన్ ఆవుల్నీ పొలాన్నీ ఒక్కతే చూసుకునేది. అరవై దాటిన మనిషి, సన్నగా కంచె గుంజలా ఉంటుంది, మాటా అంతే. ఆర్లో వదిలిపోయిన డీజిల్ పికప్ ఒకటుంది, ఆటోమేటిక్ గేర్లది. ఒకరోజు మా ఇంటి ముందు ఆపి, దిగకుండానే అరిచింది.

"ఏమయ్యా థర్మన్, బతికే ఉన్నావా?"

"నీ బండి చప్పుడుకి లేచొచ్చాను. లేకపోతే పోయేవాణ్ణే."

"ఆ చప్పుడు గురించే. గేరు ఎంతకీ మారదు. దూడ తల్లి కోసం అరిచినట్టు అరిచి అరిచి, అప్పుడు ఢామ్మని పడుతుంది. నడుం విరుగుతోంది. నీ చెవులు పనిచేస్తున్నాయా?"

నా చెవులంటే మా లోయలో ఒక పేరుంది. ఇంజిను వినగానే దాని జబ్బు చెప్తానని. నలభై ఏళ్ళుగా ఆ పేరు మీదే బతుకుతున్నాను, కాఫీలు కూడా దాని మీదే తాగుతున్నాను. అందుకని చెవులు పనిచేస్తున్నాయా అని ఒక ఆడమనిషి అడిగితే బానెట్ ఎత్తకుండా ఉండగలనా?

ఆ పాత గేరుబాక్సుల్లో ఒక కేబులుంటుంది. ఇంజినుకి డీజిల్ ఎక్కువ తక్కువ చేసే మీట నుంచి గేరుబాక్సు దాకా పోతుంది, సైకిల్ బ్రేకు తీగ లావున. కాలు ఎంత తొక్కావో గేరుబాక్సుకి చెప్పేది అదే. కేబులు బిగువుగా ఉంటే గేరు ఆలస్యంగా మారుతుంది, మోటుగా పడుతుంది. వదులుగా ఉంటే తొందరగా మారుతుంది, మెత్తగా పడుతుంది. అక్కడితో ఆగితే ఎవడైనా మెకానిక్కే. రెండో సంగతి ఒకటుంది. లోపల ఇంజిను బలాన్ని చక్రాలకి అందించే క్లచ్ ప్లేట్లుంటాయి, వాటిని అదిమిపట్టే నూనె ఒత్తిడి కూడా ఆ కేబులు చేతిలోనే ఉంది. మరీ వదులైతే ఒత్తిడి తగ్గుతుంది, ప్లేట్లు గట్టిగా పట్టుకోవు, జారుతాయి. జారితే కాలతాయి. ఇదంతా నాకు తెలియదా? తెలుసు. తెలిసినవాడే కదా ఇలాంటి పని చేసేది. తెలియనివాడు ఊరికే ఉంటాడు.

మా లోయలో గేరు సరిచెయ్యడానికి ఒక పద్ధతుంది. డాష్‌బోర్డు మీద అంచుదాకా కాఫీ పోసిన కప్పు పెడతాం. ఇంటి నుంచి పోస్టు డబ్బాల వరసదాకా, రెండు మైళ్ళు, తిన్నటి రోడ్డు మీద నడుపుతాం. గేరు మారేటప్పుడు కాఫీ తొణక్కపోతే పని అయినట్టు. ఎవరు మొదలెట్టారో తెలియదు, మా నాన్న కాలానికే ఉంది. డెల్ఫీన్ బండికి మొదటిసారి సగం కప్పు నా ఒళ్ళోనే పడింది. కేబులు కొంచెం వదిలాను. రెండోసారి నాలుగు చుక్కలు. ఇంకొంచెం వదిలాను. మూడోసారి చుక్క పడలేదు. డెల్ఫీన్ నడుపుతూ నవ్వింది. ఆర్లో పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారి చూశాను.

"వెన్న కోసినట్టుందయ్యా!" అంది.

అప్పుడు బండి ఖాళీగా ఉంది. వెనక ట్రైలర్ లేదు, ఆవులు లేవు. ఖాళీ బండి మీద, చదును రోడ్డు మీద, ఒక కప్పు కాఫీని అడిగి నేను ఆ గేరు పెట్టాను.

మాకు ఇంకో ఆచారం కూడా ఉంది. ఎవరి బండిని ఎవరు బాగుచేస్తే, మొదటి బరువు వేసిన రోజు ఆ బాగుచేసినవాడు పక్క సీట్లో కూర్చోవాలి. కూర్చోనంటే ఆ పని మీద వాడికే నమ్మకం లేనట్టు. అందుకని జూన్ మొదటి శనివారం పొద్దున, డెల్ఫీన్ పది ఆవుల్ని ట్రైలర్‌లో ఎక్కించి శాడిల్‌బ్యాక్ కనుమ అవతలి వేసవి గడ్డికి తీసుకుపోతుంటే, నేను పక్కన కూర్చున్నాను. పది ఆవులంటే ఆరు టన్నులు. ఆవిడ మందలో మంచివి ఆ పదే. వాటి సంగతి తర్వాత, ముందు ఆవిడ ప్రాణం, నా ప్రాణం.

ఎక్కడం మొదలైంది. మొదటి మలుపు దాకా బాగానే ఉంది. రెండో మలుపు దగ్గర ఇంజిను గొంతు పెరిగింది, బండి వేగం పెరగలేదు. రెప్పపాటు. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ జారింది. చెవులు కదా, ముందు వాటికే తెలిసింది. తర్వాత ముక్కుకి తెలిసింది. పెనం మీద రొట్టె మర్చిపోయి ఊరెళ్ళినట్టు వాసన.

"ఆ వాసనేంటి?" అంది డెల్ఫీన్.

"బ్రేకులు అయ్యుంటాయి."

"కొండ ఎక్కుతుంటే బ్రేకులేంటయ్యా?"

"అయితే ఆవులు. పొద్దున ఏం పెట్టావు వాటికి?"

"గడ్డి పెట్టాను, రొట్టెలు కాల్చి పెట్టలేదు."

నేను నవ్వాను. అప్పుడే చెప్పొచ్చు. 'ఆపు, నేను కేబులు మరీ వదిలేశాను, ప్లేట్లు కాలుతున్నాయి' అంటే అయిపోయేది. రోడ్డు పక్కన చోటుంది, జేబులో స్పానర్ ఉంది, అయిదు నిమిషాల పని. కానీ నలభై ఏళ్ళ పేరు. సోమవారానికల్లా మెర్ల్ కాఫీ కొట్టులో నా చెవుల మీద నవ్వులు. దానికి భయపడ్డాను చూడండి, అదీ నా తెలివి. చిన్న భయానికి పెద్ద భయాన్ని అమ్మేశాను.

నోరు ఊరుకోక మా తాత కంచరగాడిద కథ ఎత్తుకున్నాను. ఆ గాడిద ఇదే కొండ మీద పిడుగు పడితే పిడుగునే తన్నిందని. గొంతు పెంచి చెప్పాను, ఇంజిను మొత్తుకోలు ఆమెకి వినపడకుండా. అయిదు మైళ్ళు చెప్పాను. అంత పొడుగు కథ నా జన్మలో చెప్పలేదు, అంత బాగాలేని కథ కూడా చెప్పలేదు. వీపంతా చెమటతో సీటుకి అతుక్కుపోయింది.

కనుమ పైన చదును ఉంది. పశువుల్ని దింపుకోడానికి కర్రల దొడ్డి కూడా ఉంది. డెల్ఫీన్ అక్కడ ఆపింది. కొండ దిగేముందు చక్రాలు ముట్టుకుని చూడడం ఆర్లో అలవాటు, ఆయన పోయాక ఈమెకి వచ్చింది. ఆమె ట్రైలర్ చుట్టూ తిరుగుతూ మండుతున్నాయేమోనని చక్రాలకి చెయ్యి వెనకభాగం ఆనిస్తోంది. నేను బానెట్ ఎత్తాను.

"ఏం చేస్తున్నావక్కడ?"

"కాస్త గాలి తగలనీ అని."

కేబులు మొదట ఉన్నచోటికి బిగించాను. స్పానర్ రెండుసార్లు కిందపడింది. తర్వాత గేరుబాక్సు నూనె చూసే పుల్ల బయటికి లాగాను. ఎర్రగా ఉండాల్సిన నూనె నల్లగా ఉంది. మాడు వాసన. వేళ్ళ మధ్య రుద్దితే సన్నటి ఇసకలా గరగరమంది. అది ఇసక కాదు, ప్లేట్ల మీది పూత. కేబులు బిగిస్తే ఒత్తిడి వస్తుంది, కానీ అరిగిపోయిన పూత తిరిగి రాదు. అవతల ఏడు మైళ్ళ దిగుడు. ఆ దిగుడులో తక్కువ గేరు వేసుకుని, ఇంజినే బండిని పట్టి ఆపుతుందని నమ్మి దిగాలి. పట్టి ఆపేవి ఆ ప్లేట్లే.

"ఎలా ఉంది?" డెల్ఫీన్ నా వెనకే నిలబడి ఉంది.

పుల్లని ప్యాంటుకి తుడిచేశాను. లోపలివైపు, కనపడకుండా.

"నూనె సరిపడా ఉంది," అన్నాను.

అది అబద్ధం కాదు. నా జన్మలో చెప్పిన అబద్ధాలన్నీ ఒక ఎత్తు, ఈ అబద్ధం కాని మాట ఒక ఎత్తు. దొడ్డి పది అడుగుల దూరంలో ఉంది. ఆవుల్ని అక్కడ దింపమని ఒక్క ముక్క అంటే చాలు. అనలేదు. బిగించాను కదా, ఎంతో కొంత పూత మిగిలుంటుందిలే, ఏడు మైళ్ళేగా అని నాకు నేనే కథ చెప్పుకున్నాను. వినేవాడు కూడా నాలాంటివాడే కాబట్టి నమ్మాడు.

దిగడం మొదలెట్టాం. కొండ ఎడమవైపు, డెల్ఫీన్ పక్కన. మా రోడ్ల మీద కుడివైపే నడపాలి, లోయ కూడా ఆ కుడివైపే, నా పక్కన. కిటికీలోంచి చూస్తే రోడ్డు అంచు కూడా కనపడదు, కింద ఎక్కడో పైన్ చెట్ల కొనలు. ఆమె రెండో గేరులోకి దించింది. ఇంజిను గుర్రుమంటూ పట్టుకుంది. ఒక మైలు అలా పోయాం. నాకు ఊపిరి ఆడింది. చూశావా, నా చెయ్యి పడితే అంతే అనుకున్నాను కూడా.

రెండో మైలు రాయి దాటగానే ఆ గుర్రు ఆగిపోయింది.

పెద్ద చప్పుడేం కాలేదు. అదే భయం. ఇంజిను మెత్తగా, ఇంటి ముందు ఆపి ఉంచిన బండిలా తిరుగుతోంది. బండి మాత్రం పోతోంది. వెనకనుంచి ఆరు టన్నులు నెమ్మదిగా చెయ్యి వేసి తోస్తున్నట్టు. డెల్ఫీన్ గేరు కర్ర మొదటి గేరుదాకా లాగింది. ఏమీ కాలేదు. బ్రేకు తొక్కింది, వేగం తగ్గింది, వదిలింది, మళ్ళీ పెరిగింది.

"థర్మన్. గేరు పట్టట్లేదు."

"పట్టదు," అన్నాను.

ఆమె నావైపు చూడలేదు, రోడ్డు వైపే చూస్తోంది.

"నేను మరీ వదులు చేశాను. ఎక్కేటప్పుడే ప్లేట్లు కాలిపోయాయి. ఇంక ఇంజిను బండిని ఆపదు. దాన్ని నమ్ముకోకు, డెల్ఫీన్. బ్రేకులే ఉన్నాయి."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"తర్వాత," అంది. అంతే. "డాష్‌బోర్డు కింద ట్రైలర్ బ్రేకు మీట ఉంది. దాని మీద చెయ్యి పెట్టు. నొక్కమంటే నొక్కు, వదలమంటే వదులు. నేను అననిదే కదిపావంటే చేతులు నరుకుతా."

"సరే."

"నోరు కూడా."

"సరే."

"నొక్కు."

నొక్కాను. వెనక ట్రైలర్ చక్రాలు కీచుమన్నాయి. ఆవులన్నీ ఒక్కసారి ముందుకి తూలాయి, ఆ బరువు మా వీపులకి తెలిసింది.

"వదులు. చల్లారనీ. నొక్కు. వదులు."

ఇలా మూడు మలుపులు. ప్రతి మలుపులో నా పక్క చక్రం కంకర మీదికి పోయి, కంకర రాళ్ళు లోయలోకి రాలే చప్పుడు వినపడేది. కింద తగిలే చప్పుడు వినపడేది కాదు. అద్దంలో చూస్తే ట్రైలర్ చక్రాల నుంచి నీలం పొగ. ఆమె తొక్కే బ్రేకు పెడలు ఇదివరకు సగానికే ఆగేది, ఇప్పుడు దాదాపు కిందదాకా పోతోంది. దేవుడితో మాట్లాడదామనుకున్నాను. నలభై ఏళ్ళుగా పలకరించని పెద్దాయన్ని ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పలకరిస్తాను? నోరు మూసుకోమన్నారు కదా అని మూసుకున్నాను.

"గొర్రెల దారి ఎక్కడ?" అంది డెల్ఫీన్.

పాతకాలంలో గొర్రెల మందల్ని పైకి తోలుకుపోయే దారి ఒకటి, రోడ్డుకి ఎడమవైపు చీలి కొండ మీదికి నిట్టనిలువుగా ఎక్కుతుంది. దానికి తీగల గేటు ఉంటుంది.

"ఈ మలుపు తర్వాతది. కానీ అవతలి పక్క. ఎదురుగా ఎవరైనా వస్తే—"

"నోరు అన్నాను."

మలుపు తిరిగాం. ఎదురుగా గడ్డి లారీ వస్తోంది, నిండా మోపులతో, నెమ్మదిగా. గొర్రెల దారి మాకూ లారీకీ మధ్యలో ఉంది. డెల్ఫీన్ తన వైపే ఉండిపోయింది. బ్రేకు అడుగంటా తొక్కింది, బండి మాత్రం కొంచెమే తగ్గింది. ముందు లారీ ఆ తిరిగే చోటు దాటాలి, అప్పుడు మేం దాని తోక వెనకనుంచి ఎడమకి కొయ్యాలి. ఆలస్యమైతే దారి తప్పిపోతుంది, తొందరపడితే లారీ కిందికి పోతాం. లారీ మా పక్కకి వచ్చింది. దాని డ్రైవరు, ఎవరో నాకు తెలియదు, మా వాళ్ళందరూ చేసినట్టే స్టీరింగు మీంచి ఒక వేలు ఎత్తి పలకరించాడు.

డెల్ఫీన్ కూడా ఒక వేలు ఎత్తింది. ఒట్టు. పిడికిళ్ళు తెల్లబడిపోయిన ఆ మనిషి ఒక్క వేలు ఎత్తి, దించి, "నొక్కు!" అని అరిచి స్టీరింగు ఎడమకి తిప్పింది.

ట్రైలర్ తోక రోడ్డుకి అడ్డంగా ఈడ్చుకుపోయింది. తీగల గేటు కొరడాలా వచ్చి బండి ముందు అద్దాన్ని కొట్టింది. అద్దం పగిలి గవ్వల్లా నా ఒళ్ళో పడింది. తర్వాత ముందంతా ఆకాశం. బండి రాళ్ళ మీద ఎగురుతూ పైకి ఎక్కుతోంది, ఎక్కుతున్నకొద్దీ వేగం చస్తోంది. హమ్మయ్య అనుకోబోతున్నాను.

"రాయి!" అంది డెల్ఫీన్.

అప్పుడర్థమైంది. ఎక్కడం ఆగిన మరుక్షణం వెనక్కి దొర్లుతాం. వెనక్కి దొర్లితే రోడ్డు, రోడ్డు దాటితే లోయ. బ్రేకులు లేవు. డెల్ఫీన్ గేరు కర్రని బండి నిలిపే 'పార్క్' గుర్తు దాకా తోస్తే గేరుబాక్సు లోపల పళ్ళు టకటకటక మంటున్నాయి, పట్టట్లేదు. నేను తలుపు తోసి దూకాను. డెబ్బై ఒక్క ఏళ్ళ మోకాళ్ళు ఆరోజు ఎవరివో నాకు తెలియదు. దొరికిన రాయి ఎత్తాను. బండి ఆగింది. ఒక క్షణం అలా నిలబడింది, ఎటు పోవాలా అని ఆలోచిస్తున్నట్టు. తర్వాత వెనక్కి వచ్చింది. ట్రైలర్ చక్రం కింద రాయి పెట్టాను. చక్రం దాన్ని నెట్టుకుంటూ జానెడు వచ్చింది, నా చేతిని కూడా నెట్టుకుంటూ. ఇంకో రాయి పెట్టాను. ఇంకోటి. డెల్ఫీన్ అవతలి పక్కనుంచి దిగి తన వంతు పెడుతోంది. చివరికి ఆగింది.

ట్రైలర్ లోపల ఒక ఆవు అరిచింది. తర్వాత అన్నీ అరిచాయి. పదీ ఉన్నాయి, ఒకదానికి కొమ్ము దగ్గర కొంచెం రక్తం.

డెల్ఫీన్ నేల మీద కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు," అంది. "ఎప్పుడు తెలిసింది?"

నాలుక మీదికి మూడు కథలు వచ్చాయి. మూడూ బాగున్నాయి.

"రెండో మలుపు దగ్గర. ఎక్కేటప్పుడు."

"అంటే పైన నేను అడిగినప్పుడు?"

"తెలుసు."

"దొడ్డి పక్కనే ఉంది."

"ఉంది."

డెల్ఫీన్ లేచి ట్రైలర్ తలుపు తీసి, ఆవుల్ని ఒక్కొక్కటే దింపి, మిగిలిన నాలుగు మైళ్ళూ నడిపించడానికి ముందు నిలబడింది.

"నువ్వు వెనక రా," అంది. "నా పక్కన మాత్రం నడవకు."

దుమ్ము తింటూ వెనక నడిచాను. అడుగుకొకసారి ఇంజిను గుర్రు ఆగిపోయిన ఆ మెత్తని చప్పుడు వినపడేది. ఇప్పటికీ వినపడుతుంది.

వేసవి గడ్డి బీడు చేరాక, కంచె తలుపు వేస్తూ ఆవిడే అంది: "సోమవారం కాఫీ కొట్టులో నువ్వే చెప్పాలి. నేను అక్కడే కూర్చుంటా. ఒక్క మాట పెంచినా, ఒక్క మాట తగ్గించినా చూడు."

సోమవారం చెప్పాను. మెర్ల్ కొట్టు నిండుగా ఉంది. కేబులు, కాలిన నూనె, ప్యాంటుకి తుడిచిన పుల్ల, అన్నీ చెప్పాను. నా పాపానికి వాళ్ళు నవ్వడం మొదలెట్టారు. బర్ల్ టిమ్మన్స్ బల్ల మీద కొడుతూ నవ్వాడు.

"మరి ఆవులకి రెక్కలు ఎప్పుడొచ్చాయి థర్మన్? అది చెప్పకుండా దాటేస్తున్నావు!"

నేను మళ్ళీ చెప్పాను. ఇంకా నవ్వారు. నలభై ఏళ్ళు నేనే నేర్పాను వాళ్ళకి, నా మాటకి నవ్వాలని.

"నవ్వకండి," అంది మూల బల్ల దగ్గర్నుంచి డెల్ఫీన్. గొంతు పెంచలేదు. "నేనున్నాను అందులో."

నవ్వు ఆగింది. బర్ల్ మొహం నెమ్మదిగా పాలిపోయింది. కిందటి చలికాలం ముందు అతని బండి కేబులు కూడా నేనే సరిచేశాను. గ్యారిసన్ బండి కూడా. మెర్ల్ బండి కూడా. కాఫీ తొణక్కుండా.

బర్ల్ లేచి బయటికి వెళ్ళాడు. వెనకే ఇంకొకడు. తర్వాత ఇంకొకడు. కిటికీలోంచి చూస్తే వరసగా బానెట్లు లేస్తున్నాయి. ఏడు బండ్లు. ఏడు బండ్లకీ వెనక ట్రైలర్ కొక్కేలు ఉన్నాయి, అందరూ ఆ వారమే కనుమ ఎక్కాల్సినవాళ్ళు. డెల్ఫీన్ నావైపు చూసింది, ఆ శనివారం తర్వాత మొదటిసారి. లేచి బయటికి వెళ్ళాను.

"ఎంత బిగించాలో చెప్పు," అన్నాడు బర్ల్. స్పానర్ నాకు ఇవ్వలేదు, తనే పట్టుకున్నాడు.

"ఖాళీ బండి మీద చెప్పలేను. ఆవుల్ని ఎక్కించుకుని రా. కొండ మొదట్లో ఆగి ఆగి చూద్దాం. నేను పక్కన కూర్చుంటా."

"మళ్ళీ ఆ కొండ ఎక్కుతావా? భయం వెయ్యట్లేదా నీకు?"

"వేస్తోంది," అన్నాను.

బర్ల్ నా మొహంలోకి ఒకసారి చూసి, ఆవుల కోసం ఇంటికి బయల్దేరాడు. బండిని మొదటి గేరులోనే, నడకంత నెమ్మదిగా పోనిచ్చాడు.